హెడ్‌సెట్ చేసిన మేలు

అయ్యా, మౌంటెన్ బైకులకు హెడ్‌సెట్లు రూపొందించే మహానుభావులారా!

తమరి సేవకు తగిన సన్మానం ఇప్పటిదాకా జరగలేదు. సస్పెన్షన్ ఫోర్కు చేసినవాణ్ణి లోకం పొగిడింది. డిస్కు బ్రేకు పెట్టినవాణ్ణి పొగిడింది. సీటును కిందికీ పైకీ జరిపే డ్రాపర్ పోస్టు తెచ్చినవాడికైతే కొండ దిగే ప్రతివాడూ మనసులోనే ఓ దండం పెట్టుకుంటాడు. ఫ్రేముకూ ఫోర్కుకూ నడుమ బెత్తెడు చోటులో కూర్చుని, రెండు బేరింగులతో రెండు కప్పులతో మనిషి నడుమునూ మెడనూ మణికట్టునూ శాసిస్తున్న తమరిని మాత్రం ఎవరూ పిలిచి శాలువా కప్పలేదు. ఆ లోటు తీర్చాలనే ఈ నాలుగు మాటలు.

తెలియనివారి కోసం ముందుగా ఒక ముక్క. ఇది చెవులకు తగిలించుకునే హెడ్‌సెట్ కాదు. సైకిలు ఫ్రేముకు ముందువైపున నిలువుగా ఉండే పొట్టి గొట్టం హెడ్ ట్యూబు. ఫోర్కు నెత్తి మీద నుంచి లేచి దాని లోపలగా పైకి వచ్చే గొట్టం స్టీరర్. ఈ రెండు గొట్టాల మధ్య కింద ఒకటి, పైన ఒకటి బేరింగులు ఉంటాయి. ఆ బేరింగులూ వాటి కప్పులూ మూతా అన్నీ కలిస్తే హెడ్‌సెట్. హ్యాండిలు అటూ ఇటూ తిరిగేది దాని దయవల్లే. హ్యాండిలు ఎంత ఎత్తున ఉంటుందన్నదీ చాలావరకు దాని దయే. ఈ రెండో సంగతి సైకిలు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. కొన్నాక మెడ చెబుతుంది.

ఆ ఎత్తు సామాన్యమైన విషయం కాదు. కాస్త తగ్గితే ఒంటి బరువంతా అరచేతుల మీదికి దిగుతుంది, నిటారు దిగుడులో తల ముందు చక్రాన్ని దాటి పోతున్నట్టు ఉంటుంది. కాస్త పెరిగితే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి దారి తప్పుతుంది, చదును మలుపులో నేలను పట్టుకోకుండా జారుతుంది. రెండు వేళ్ల మందం లోపలే ఈ కథంతా నడుస్తుంది. ఇంత సున్నితమైన వ్యవహారాన్ని తొక్కేవాడి చేతికి వదిలేస్తే ఏం జరుగుతుందో పాత రోజుల్లో చూశాం కదా.

మన హీరో, అట్లాస్ సైకిళ్లే తీసుకోండి. హ్యాండిలు మధ్యలో నిలబడ్డ బోల్టును నాలుగు చుట్లు వదులు చేసి, దాని నెత్తిన సుత్తితో ఒక్కటి వేస్తే లోపల బిగుసుకున్న ముక్క ఊడేది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిలును కావలసినంత పైకి లాగి, మళ్లీ బోల్టు బిగిస్తే పని అయిపోయేది. పిల్లవాడు ఎదుగుతుంటే హ్యాండిలూ ఎదిగేది. తండ్రి తొక్కిన సైకిలు కొడుక్కీ సరిపోయేది. పైగా ఇందుకు బేరింగుల జోలికి పోనవసరమే లేదు. ఎత్తు సంగతి బోల్టు చూసుకునేది, బేరింగు బిగింపు సంగతి మరలున్న నట్లు చూసుకునేవి. ఎవరి పని వారిది. ఊళ్లో సైకిల్ షాపువాడు ఈ పనికి డబ్బు అడగడానికి కూడా మొహమాటపడేవాడు. పరిశ్రమ అన్నాక ఇలాగేనా ఉండేది?

కొండ సైకిలు పుట్టిన చోటా పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. కాలిఫోర్నియాలో, మరీన్ కౌంటీలో, టమాల్‌పాయిస్ కొండ చుట్టుపక్కల కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లకు లావు టైర్లేసుకుని మట్టి దారుల్లో దూకేవాళ్లు. 1976 అక్టోబరులో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర మొదలైన రీప్యాక్ పందెం మూడు కిలోమీటర్లకు పైగా దిగుడు, ఎత్తులో తేడా దాదాపు 400 మీటర్లు. కింద చేరేసరికి వెనక హబ్బులోని బ్రేకు గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరాలి కాబట్టే పందేనికి ఆ పేరు. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ వంటివాళ్లు ఆ సైకిళ్ల మీద వెడల్పాటి, ఎత్తయిన హ్యాండిళ్లు పెట్టుకుని వీపు నిటారుగా ఉంచి దిగారు. పాపం, వాళ్లకు హెడ్‌సెట్ శాస్త్రం తెలియదు. తల ఎత్తుకుని దారి చూస్తే ప్రాణం దక్కుతుందన్న మోటు జ్ఞానం ఒక్కటే ఉండేది.

ఈ చీకటిని చీల్చుకుంటూ 1990ల మొదట్లో అహెడ్‌సెట్ వచ్చింది. జాన్ రేడర్ పేటెంటు, దియా కాంపే తయారీ. ఆ కంపెనీ అమెరికా శాఖే తర్వాత కేన్ క్రీక్ అయింది. స్టీరర్ మీద మరలు పోయాయి, ఫోర్కు నున్నటి గొట్టమైంది. హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ ఇక లోపల దూరదు, బయటి నుంచి గొట్టాన్ని పట్టుకుంటుంది. పైన ఒక మూత, మూతలోంచి ఒక బోల్టు, గొట్టం లోపల నక్షత్రం ఆకారపు నట్టు. ఆ బోల్టు తిప్పితే బేరింగులు సరిగ్గా బిగుస్తాయి, తర్వాత స్టెమ్ బోల్టులు బిగిస్తే అంతా ఒక్కటవుతుంది. అంతవరకు బ్రహ్మాండం. వెక్కిరింపుకు కూడా సందు లేదు. రాళ్ల మీద పడి లేచే సైకిలుకు పాత నట్లు వదులైపోయేవి, వాటిని బిగించడానికి మోచేయి పొడవు స్పానర్లు మోయాలి. ఇది తేలిక, గట్టి, ఒక్క అలెన్ కీతో అయిపోతుంది.

కాకపోతే, హ్యాండిలు లేపే పని పోయింది. పోలేదు లెండి, తప్పు మాట. దాన్ని తమరు ఒక పవిత్రమైన, జీవితంలో ఒకేసారి జరిగే తంతుగా మార్చారు. ఫోర్కు కొత్తగా వచ్చినప్పుడు స్టీరర్ పొడుగ్గా ఉంటుంది. దాన్ని రంపంతో కోయాలి.

ఆ దృశ్యం దగ్గరగా చూస్తేగాని తమరి గొప్పతనం బోధపడదు. ఫోర్కును ఫ్రేములోకి ఎక్కించి, బేరింగులూ కప్పులూ మూతా పెట్టి, స్పేసర్లనే ఉంగరాలు పేర్చి, స్టెమ్ తొడిగి, పైన పెన్నుతో గీత గీస్తారు. ఆ గీత దగ్గర కోయకూడదు. మూత నొక్కడానికి ఖాళీ ఉండాలి కాబట్టి 3 మి.మీ. కిందికి కోయాలి. ఫోర్కును బయటికి తీసి, గొట్టాన్ని రంపం గైడులో బిగించి, హ్యాక్‌సా పెడతారు. వెండి పొడి రాలుతుంది. కోసిన అంచును ఆకురాయితో లోపలా బయటా నున్నగా రుద్దాలి, లేకపోతే నక్షత్రం నట్టు వంకరగా దిగుతుంది. కోసిన ముక్క నేల మీద టింగుమని పడుతుంది. ఆ టింగు విన్నాక వెనక్కి రావడం లేదు. రేపు నడుము పట్టేసినా, ఎల్లుండి ఫ్రేము మార్చినా, ఆ ముక్కను ఎవరూ తిరిగి అతికించరు. కావాలంటే పైన హ్యాండిల్‌బారు మార్చుకోవచ్చు, పైకి లేచే స్టెమ్ కొనుక్కోవచ్చు, లేదా ఫోర్కు పై భాగం మొత్తం కొత్తది వేయించుకోవచ్చు. తొందరపాటు మనుషులకు స్థిరచిత్తం నేర్పడానికి ఇంతకంటే మంచి గురుకులం ఎక్కడుంది? పాత ఫోర్కు అమ్మబోయినా కొనేవాడు ముందు అడిగేది ట్రావెల్ ఎంత, అంటే ఫోర్కు ఎంత కుంగుతుంది అని కాదు, స్టీరర్ ఎంత మిగిలింది అని.

అక్కడితో ఆగి ఉంటే తమరూ అందరిలాంటి ఇంజనీర్లే అయ్యేవారు. ఆగలేదు. స్టీరర్ లావు 1 అంగుళం ఉండేది. అది 1 1/8 అయింది, అంటే 28.6 మి.మీ. కొందరు 1 1/4 అన్నారు. తర్వాత 1.5 అన్నారు. తర్వాత పైన 1 1/8, కింద 1.5 ఉండే పైకి సన్నబడే స్టీరర్ వచ్చి స్థిరపడిందనుకుని అందరం ఊపిరి పీల్చుకుంటుంటే, కొన్ని బ్యాటరీ సైకిళ్లకు కింద 1.8 అన్నారు. ప్రతి మార్పుకూ కారణం ఉంది: గట్టిదనం. గట్టిపడుతూనే ఉన్నాయి, జేబులు మాత్రం పలచబడుతున్నాయి.

ఇక కప్పుల విషయం. ఇక్కడే తమరి దాతృత్వం పొంగి పొర్లింది. మొదట కప్పులు హెడ్ ట్యూబు బయట, పైనా కిందా కనబడేలా కూర్చునేవి. ఇది ఎక్స్‌టర్నల్ రకం. కళ్లతో చూసి కొలవగలిగేంత సూటి పద్ధతి కావడంతో దాన్ని త్వరలోనే వెనక్కి నెట్టారు. తర్వాత ట్యూబును లావు చేసి, బేరింగు ట్యూబు లోపలికి దిగేలా కప్పును కూర్చోబెట్టారు. ఇది జీరో స్టాక్. పేరులో సున్నా ఉందని మనం సున్నా అనుకోకూడదు. దాని పైమూత 8 మి.మీ. ఎత్తు ఉండవచ్చు, అదే కంపెనీలో 15 మి.మీ. కూడా దొరుకుతుంది. ఆ తర్వాత కప్పే లేకుండా బేరింగును నేరుగా ఫ్రేములో పెట్టేశారు. ఇది ఇంటిగ్రేటెడ్. ఇందులో కొన్ని 36 డిగ్రీల వాలు, కొన్ని 45. ఒకదాని బేరింగు మరొకదానిలో కూర్చున్నట్టే కనబడుతుంది. కూర్చోదు. నాలుగు వారాలకు కిర్రుమంటుంది.

ఈ అడవిలో మనం తప్పిపోతామని జాలిపడి గుర్తింపు సంకేతాల పద్ధతి కూడా తెచ్చారు. ట్యూబు రకం, లోపలి వ్యాసం, స్టీరర్ వ్యాసం వరుసగా రాసే పద్ధతి. నిజంగానే పనికొస్తుంది. అందులోనూ తమరి ముద్ర ఉండాలి కాబట్టి 42 అని రాసి ఉన్న బేరింగు కొలిస్తే 41.8 ఉంటుంది, 41 అని రాసింది 41 ఉంటుంది. తేడా 0.8 మి.మీ. ఆదివారం పొద్దున సైకిలు విప్పేసి కూర్చున్నవాడికి ఆ 0.8 ఎంత పెద్దదో మాటల్లో చెప్పలేం.

అసలైన మహిమ స్టాక్ అనే అంకెలో ఉంది. సైకిలు కొలతల పట్టికలో స్టాక్ అని ఒక వరుస ఉంటుంది. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబు పై అంచు దాకా నిలువు ఎత్తు అది. ముందు ఎత్తు తెలుసుకోవడానికి లోకమంతా నమ్ముకున్నది ఈ అంకెనే. కాని అది హెడ్ ట్యూబు అంచు దగ్గర ఆగిపోతుంది. ఆ పైన వచ్చే హెడ్‌సెట్ కప్పు దాని లెక్కలోకి రాదు. ఎక్స్‌టర్నల్ పైకప్పు అయితే 12 నుంచి 16 మి.మీ. దాకా లేస్తుంది. ఇంటిగ్రేటెడ్ మీద పలచని మూత పెడితే అందులో సగం కూడా ఉండదు. అంటే 620 స్టాక్ అని రాసిన రెండు సైకిళ్లు పక్కపక్కన నిలబెడితే, ఒకదాని హ్యాండిలు మరొకదాని కంటే సెంటీమీటరు ఎత్తున ఉండవచ్చు. రెండు పట్టికలూ అబద్ధం చెప్పలేదు. అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొని కార్పెట్ ఏరియాకూ సూపర్ బిల్టప్ ఏరియాకూ మధ్య తేడాను నేల మీద టేపుతో వెతుక్కున్నవాళ్లకు ఈ కళ గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. తమరు దాన్ని సైకిలుకు పట్టుకొచ్చారు. అంతే కాదు, ఒకే సైకిలు ఫ్రేములో అదే స్టాక్ అంకె ఉంచి, మూత మాత్రం మార్చి, కొనేవాడి మణికట్టుకు ఏడు మిల్లీమీటర్ల ఆశ్చర్యం ఇవ్వగలరు.

పైకప్పు దాచిన మేలు ఇది. కింది కప్పు చేసే మేలు ఇంకా లోతైనది. ముందు ఎత్తు సరిపోవడం లేదని బాధపడేవాడికి ఎవరో ఒకరు సలహా ఇస్తారు: కింద జీరో స్టాక్ తీసేసి ఎక్స్‌టర్నల్ కప్పు వెయ్యి, 12 మి.మీ. వస్తుంది అని. వస్తుంది. ఎక్కడికి వస్తుందన్నది చూద్దాం. చక్రాల ఇరుసుల మధ్య దూరం 1220 మి.మీ., హెడ్ ట్యూబు వాలు చెప్పే హెడ్ కోణం 65 డిగ్రీలు, పెడళ్ల ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా చెయిన్‌స్టే 435, పెడళ్ల ఇరుసు నుంచి హెడ్ ట్యూబు పై అంచుకు అడ్డదూరం రీచ్ 460, స్టాక్ 620 ఉన్న మామూలు ట్రయిల్ సైకిలు తీసుకోండి. కింద 12 మి.మీ. చేరిస్తే ఫ్రేము ముందు భాగం దాదాపు 11 మి.మీ. లేస్తుంది. కాని ఫ్రేము మొత్తం వెనక చక్రం ఇరుసు చుట్టూ తిరుగుతుంది కదా, పెడళ్లు కూడా 4 మి.మీ. లేస్తాయి. పెడళ్ల మీద నిలబడ్డవాడికి హ్యాండిలు ఎత్తులో కలిసొచ్చింది సుమారు 4 మి.మీ. మాత్రమే. ఇచ్చింది పన్నెండు, అందింది నాలుగు. పైగా రీచ్ 5 మి.మీ.కు పైగా తగ్గుతుంది, హెడ్ కోణం అర డిగ్రీ వాలుతుంది, సీటు కోణం అర డిగ్రీ వెనక్కి పోతుంది, స్టీరర్‌లో 12 మి.మీ. ఖర్చయిపోతుంది. అదే 12 మి.మీ. స్పేసర్లు పైన, స్టెమ్ కింద పెడితే 11 మి.మీ. పైకి, 5 మి.మీ. వెనక్కి. ఖర్చు కాఫీ పాటిది. ఇంత సులువైన దారి ఉందని తెలిస్తే కింది కప్పుల అమ్మకాలు ఏమైపోవాలి? అందుకే తమరు ఆ సంగతి పట్టికల్లో ఎక్కడా రాయరు. అమాయకుడైన కొనుగోలుదారుకు త్రికోణమితి భారం తగలకూడదన్న దయ అది.

కింది కప్పు ఊరికే చెడ్డదని నేను అనడం లేదు. హెడ్ కోణం వాల్చాలనుకున్నవాడికీ, పెడళ్లు రాళ్లకు తగులుతున్నవాడికీ అది మంచి మందే. ముందు ఎత్తు అనే జబ్బుకు ఆ మందు రాసివ్వడం మాత్రం తమరికే చెల్లింది.

29 అంగుళాల చక్రాలు వచ్చినప్పుడు తమరు పడ్డ ప్రయాసను మరిచిపోతే కృతఘ్నత. 1999లో డబ్ల్యూటీబీ వారి నానో రాప్టర్ టైరుతో ఆ చక్రం కొండ దారిలోకి వచ్చింది. పాత 26 చక్రం రిమ్ము వ్యాసం 559, దీనిది 622. సగం చేస్తే ఇరుసు 31 మి.మీ.కు పైగా లేచింది. దాంతో ఫోర్కూ లేచింది, హ్యాండిలూ లేచింది, పొట్టివాళ్లు గేదె కొమ్ములు పట్టుకున్నట్టు కూర్చున్నారు. వెంటనే వంచుడు మొదలైంది. కింది కప్పు ట్యూబులోకి దిగింది. హెడ్ ట్యూబు బెత్తెడు లోపలికి కుదించుకుపోయింది. హ్యాండిల్‌బారు కర్రలా నిటారైంది. క్రాస్ కంట్రీ రేసర్ల స్టెమ్‌లు తలదించుకుని నేల చూపులు చూశాయి. తల ఎంత కిందికి ఉంటే అంత వేగం అని శాస్త్రం చెప్పారు, విని అందరం మెడలు వంచాం. వారాంతంలో తొక్కి సోమవారం ఆఫీసుకు పోయే మనిషి కూడా ప్రపంచకప్పు రేసరులా వంగి కూర్చుని మెడకు బామ్ రాసుకున్నాడు.

ఇప్పుడు గాలి మళ్లింది. కొందరు డౌన్‌హిల్ రేసర్లు 50 మి.మీ.కు మించి పైకి లేచే హ్యాండిల్‌బార్లు వేసుకుని ఎత్తుగా నిలబడి దిగుతున్నారు. నిటారు దిగుడులో ఎత్తయిన హ్యాండిలు బలం అని కొత్త శాస్త్రం. రీప్యాక్ కుర్రాళ్లు 1976లో ఏ ఎత్తున పట్టుకున్నారో దాదాపు అక్కడికే వచ్చాం, మధ్యలో ప్రతి మిల్లీమీటరుకూ బిల్లు కట్టి. ఎక్కినప్పుడూ అమ్మారు, దిగినప్పుడూ అమ్మారు. వ్యాపారంలో ఇంత సమదృష్టి మహర్షులకు కూడా కష్టం.

హ్యాండిలు ఎంత తిరగాలన్నది కూడా తమరే చూసుకున్న రోజులు ఉన్నాయి. 2016లో ట్రెక్ కంపెనీ నాక్ బ్లాక్ అని తెచ్చింది. హెడ్ ట్యూబు నుంచి పెడళ్ల దాకా దిగే డౌన్ ట్యూబును తిన్నగా గీయడం వల్ల హ్యాండిలు మరీ తిరిగితే ఫోర్కు నెత్తి ఫ్రేమును కొడుతుంది కాబట్టి హెడ్‌సెట్‌లోనే అడ్డుకట్ట వేశారు, తిరుగుడు 58 డిగ్రీల దగ్గర ఆగేలా. మంచిదే. దాంతోపాటు స్పేసర్లకూ స్టెమ్‌కూ గాడులు పుట్టాయి. ఎత్తు ఐదు మిల్లీమీటర్లు మార్చుకోవాలన్నా ఆ గాడి ఉన్న స్పేసరే దొరకాలి. తర్వాతి మోడళ్లలో ఆ కంపెనీయే దాన్ని తీసేసింది. ఉన్నప్పుడూ అది ప్రగతే, తీసేసినప్పుడూ ప్రగతే.

చివరికి, తమరి కీర్తి కిరీటంలో కలికితురాయి: కేబుళ్లను హెడ్‌సెట్ గుండా పంపడం. 2021లో వచ్చిన స్కాట్ స్పార్క్ వంటి సైకిళ్లతో ఊపందుకుని ఇప్పుడు మధ్యతరగతి ధరల దాకా పాకింది. వెనక బ్రేకు గొట్టం, గేరు కేబులు, డ్రాపర్ కేబులు అన్నీ పైమూతలోని రంధ్రాల్లో దూరి, పైబేరింగు మధ్యగా, స్టీరర్ పక్కనుంచి ఫ్రేములోకి దిగుతాయి. సైకిలు ఫోటోలో అద్భుతంగా కనిపిస్తుంది. ముందు నుంచి తీగలు దాదాపు కనబడవు. సైకిలు తొక్కేవాడు తన సైకిలును ముందు నుంచి చూసే అవకాశం తొక్కేటప్పుడు ఉండదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు వానాకాలం వచ్చిందనుకోండి. మూత రంధ్రాల్లోంచి బురద నీళ్లు దిగి పైబేరింగు గరగరలాడుతుంది. పాత పద్ధతిలో స్టెమ్ విప్పి, బేరింగు మార్చి, గ్రీజు రాసి, టీ చల్లారేలోపు మళ్లీ బిగించేయవచ్చు. ఇప్పుడు బేరింగు ఉంగరంలోంచి బ్రేకు గొట్టం దూరి ఉంది. ఉంగరం బయటికి రావాలంటే గొట్టాన్ని లీవరు దగ్గర విప్పాలి. విప్పితే నూనె కారుతుంది. చివర నలిగిన ముక్క కోసేసి కొత్త ఇత్తడి ఉంగరం వేయాలి. తిరిగి బిగించాక లోపల చిక్కుకున్న గాలి పోయేదాకా సిరంజిలతో నూనె ఎక్కించాలి. చిన్న బేరింగు కోసం బ్రేకు మొత్తం శస్త్రచికిత్స. ఇంత దూరం వచ్చాక గొట్టం స్టీరర్‌ను రాసుకుంటూ గీత వేసిందా అన్నది కూడా చూసుకోవాలి. ఎత్తు సంగతంటారా? రంధ్రాలకు చోటు కావాలి కాబట్టి ఆ మూత మామూలు దానికంటే ఎత్తుగానే ఉంటుంది. కొన్నిటిలో స్పేసర్లు కూడా ఆ కంపెనీ ఆకారంవే. హ్యాండిలు కిందికి దించుకోవాలన్న పొట్టివాడికి మూతే అడ్డం, పైకి లేపుకోవాలన్న పొడుగువాడికి గొట్టం పొడవు అడ్డం. ఎవరినీ విడిచిపెట్టలేదు.

తమరికి ఎదురు చెప్పినవాళ్లు ఒకప్పుడు లేకపోలేదు. హెడ్‌సెట్లకే పేరుపడ్డ క్రిస్ కింగ్ ఇంటిగ్రేటెడ్ పద్ధతి ఫ్రేముకే చేటని గట్టిగా వాదించాడు. బేరింగు అరిగితే మార్చుకోవచ్చు, ఫ్రేములోని గూడు అరిగితే ఫ్రేమునే మార్చాలి కదా అన్నది ఆయన లెక్క. ఏళ్లు గడిచాయి. ఆయన కంపెనీ కూడా డ్రాప్‌సెట్ అనే పేరుతో ఇంటిగ్రేటెడ్ హెడ్‌సెట్లు అమ్మింది. తమరి మాట కాదన్నవాడు ఎంతకాలం నిలుస్తాడు?

కోణం మార్చే కప్పులు, రీచ్ మార్చే కప్పుల గురించి కూడా పొగడాలి గాని, అవి నిజంగానే పనికొస్తాయి కాబట్టి ఇక్కడ వాటికి చోటు లేదు.

ఇంత చేసిన తమరిని ఒకటే అడుగుతున్నాను. కొలతల పట్టికలో ఒక్క వరుస చేర్చండి: పైకప్పు ఎత్తు ఇంత, స్పేసర్లు ఇన్ని పెట్టినప్పుడు స్టెమ్ కూర్చునే చోటు ఇంత ఎత్తున ఉంటుంది అని. రెండు అంకెలు. రంగుల పేర్లకు పేజీలు కేటాయించే పట్టికలో రెండు అంకెలకు చోటు దొరకదా? కేబుళ్లను మళ్లీ ఫ్రేము పక్క రంధ్రంలోంచి పంపమని అడిగే ధైర్యం నాకు లేదు గాని, అడిగేవాళ్లుంటే వాళ్ల వెనక నిలబడతాను.

ఇక తొక్కేవాళ్లకు. కొత్త ఫోర్కు చేతికొచ్చిన వారమే స్టీరర్ కోయకండి. కోయక తప్పకపోతే కావలసినదానికంటే 20 మి.మీ. పైన కోయించి, మిగిలిన స్పేసర్లు స్టెమ్ మీద పేర్చి కొన్నాళ్లు తొక్కండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ స్పేసర్లను ఒకరోజు కిందికి, ఒకరోజు పైకి మార్చి చూసి, మీ మెడకూ అరచేతులకూ ఏ ఎత్తు సరిపోయిందో కాగితం మీద రాసుకోండి: పెడళ్ల ఇరుసు మధ్య నుంచి హ్యాండిలు పట్టు దాకా, టేపుతో, నిలువుగా. తర్వాత ఏ సైకిలు కొన్నా షాపులో ఆ ఒక్క కొలతే తీయండి. పట్టిక అడగకండి.